వీపీఎన్ ఆన్‌లో ఉన్నా మీ ఐపీ బయటపడుతోందా? లీకులు పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

ఫోన్ పైభాగంలో తాళంచెవి గుర్తు వచ్చింది, యాప్‌లో కనెక్టెడ్ అని పడింది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఆ గుర్తు చెప్పేది మాత్రం ఒక్కటే: మీ ఫోన్‌కీ వీపీఎన్ సర్వర్‌కీ మధ్య టన్నెల్, అంటే మీ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ అడ్రస్) సైట్లకు కనిపించకుండా దాచే మూసిన దారి, ఏర్పడింది. ఫోన్ నుంచి బయటికి వెళ్లే ప్రతిదీ ఆ టన్నెల్లోంచే వెళ్తోందా అనే ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఆ జవాబు మనమే వెతుక్కోవాలి.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. ఆస్ట్రేలియాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని బర్కిలీ పరిశోధకులు కలిసి 2016లో ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లు 283 పరీక్షించారు. 84 శాతం యాప్‌లు ఐపీవీ6 (ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4) ట్రాఫిక్‌ని లీక్ చేశాయి. 66 శాతం డీఎన్‌ఎస్‌ని, అంటే సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికే ప్రశ్నల్ని, లీక్ చేశాయి. 18 శాతం అసలు ఎన్‌క్రిప్షన్ లేకుండానే టన్నెల్ నడిపాయి. అప్పటి నుంచి మంచి కంపెనీలు చాలా సరిదిద్దుకున్నాయి. కానీ లీకయ్యే దారులు మాత్రం ఈరోజుకీ అవే.

లీకవుతున్న వీపీఎన్ కంటే అసలు వీపీఎన్ లేకపోవడమే నయమని నా అభిప్రాయం. లేనప్పుడు మనిషి జాగ్రత్తగా ఉంటాడు. ఉందనుకున్నప్పుడే ధైర్యం చేస్తాడు. తనకు సమాచారం ఇచ్చిన ఉద్యోగి పేరు బయటికి రాకూడదనుకునే విలేకరి, ఇంట్లో హింస నుంచి బయటపడే దారి వెతుకుతున్న ఆడమనిషి, తన జబ్బు గురించి హాస్టల్ వైఫైలో చదువుకుంటున్న విద్యార్థి, వీళ్లంతా ఆ తాళంచెవి గుర్తుని నమ్మే ముందుకు వెళ్తారు. అందుకే కింది పరీక్షలన్నీ ఒక్కసారైనా ఓపిగ్గా చేయండి. గంటసేపు కూర్చుంటే అయిపోతుంది, డబ్బు ఖర్చు లేదు.

మొదట వీపీఎన్ ఆపి మీ వివరాలు రాసుకోండి

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే. నేరుగా వీపీఎన్ ఆన్ చేసి టెస్ట్ పేజీ తెరుస్తారు, ఏవో అంకెలు కనిపిస్తాయి, అవి తమవో సర్వర్‌వో తేల్చుకోలేక టెన్షన్ పడతారు. పోల్చి చూడటానికి ముందు అసలు వివరాలు చేతిలో ఉండాలి.

వీపీఎన్ ఆపేసి, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, ఐపీలీక్ డాట్ నెట్‌కి వెళ్లండి. ఐపీ, వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లో వీడియో కాల్స్ ఏర్పాటు, దీని గురించి కింద చెప్తాను), డీఎన్‌ఎస్ మూడూ ఒకే పేజీలో కనిపిస్తాయి. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: మీ ఐపీవీ4 అడ్రస్ (చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు), మీ ఐపీవీ6 అడ్రస్ (కోలన్లతో ఉండే పొడవాటిది), మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు, డీఎన్‌ఎస్ సర్వర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ పేరు. ఐపీవీ6 గడి ఖాళీగా ఉంటే ఖాళీ అని రాయండి, అదీ సమాచారమే.

ఇంటి వైఫై మీద ఒకసారి, సిమ్ డేటా మీద ఇంకోసారి, విడివిడిగా రాసుకోవాలి. అవి రెండు వేరువేరు నెట్‌వర్క్‌లు. ఇంట్లో యాక్ట్ లేదా బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ మీద ఏ లీకూ లేని ఫోన్, బయటికెళ్లి జియో సిమ్ మీదికి మారగానే లీకవ్వచ్చు. కారణం ఐపీవీ6 దగ్గర చెప్తాను.

ఇప్పుడు వీపీఎన్ ఆన్ చేయండి. సర్వర్ మాత్రం వేరే దేశంలోది ఎంచుకోండి. ఇండియా సర్వర్ పెట్టి పరీక్షిస్తే, లీకైనా ఇండియా అనే వస్తుంది, లీకవ్వకపోయినా ఇండియా అనే వస్తుంది. సింగపూర్ పెడితే వేగం పెద్దగా తగ్గదు, తేడా కూడా కంటికి కనిపిస్తుంది. పాత ప్రైవేట్ విండో మూసేసి కొత్తది తెరిచి, అదే పేజీని మళ్లీ చూడండి. కాగితం మీద రాసుకున్న నాలుగింటిలో ఏ ఒక్కటి మళ్లీ కనిపించినా అది లీకే (డీఎన్‌ఎస్ గూగుల్ లేదా క్లౌడ్‌ఫ్లేర్ పేరు మీద ఉంటే మాత్రం కింద చెప్పింది చూశాక తేల్చుకోండి).

ఒకే టెస్ట్ పేజీతో ఆగిపోవద్దు, ముఖ్యంగా మీ వీపీఎన్ కంపెనీ సొంత పేజీతో. బ్రౌజర్‌లీక్స్ డాట్ కామ్‌లో, డీఎన్‌ఎస్‌లీక్‌టెస్ట్ డాట్ కామ్‌లో కూడా చూడండి. మూడింట్లోనూ ఒకే ఫలితం వస్తే నమ్మొచ్చు.

డీఎన్‌ఎస్ లీక్

మీరు ఒక సైట్ పేరు టైప్ చేస్తే, ఆ పేరుకి తగ్గ ఐపీ అడ్రస్ ఏమిటో మీ ఫోన్ ఎవరో ఒకరిని అడగాలి. అడిగేది డీఎన్‌ఎస్ సర్వర్‌ని. మామూలుగా అది మీ ఇంటర్నెట్ కంపెనీదే. వీపీఎన్ పెట్టాక ఆ ప్రశ్న టన్నెల్లోంచి వెళ్లి వీపీఎన్ కంపెనీ సర్వర్‌ని చేరాలి. అలా కాకుండా పాత దారిలోనే వెళ్తే, మీరు చదివే పేజీలో ఏముందో కంపెనీకి తెలియదు గానీ, ఏ సైట్‌కి ఏ సమయంలో వెళ్లారో తెలిసిపోతుంది. రాత్రి రెండింటికి ఒక క్యాన్సర్ ఆసుపత్రి సైట్ తెరిచారన్న సంగతి చాలు, మిగతాది ఎవరైనా ఊహించుకుంటారు.

టెస్ట్ పేజీ దీన్ని పట్టుకునే పద్ధతి తెలుసుకుంటే ఫలితం చదవడం సులువవుతుంది. ఆ పేజీ అప్పటికప్పుడు పుట్టించిన, ఇంకెవరూ ఎప్పుడూ అడగని కొన్ని వింత పేర్లను మీ బ్రౌజర్ చేత అడిగిస్తుంది. ఆ పేర్లకు జవాబు చెప్పే సర్వర్ టెస్ట్ పేజీ వాళ్లదే. కాబట్టి ఆ పేర్ల కోసం ఎవరు వచ్చి అడిగారో వాళ్లకు కనిపిస్తుంది. అలా అడిగినవాళ్ల జాబితానే మీకు చూపిస్తారు. డీఎన్‌ఎస్‌లీక్‌టెస్ట్‌లో స్టాండర్డ్, ఎక్స్‌టెండెడ్ అని రెండు బటన్లు ఉంటాయి. ఎప్పుడూ రెండోదే నొక్కండి. అది ఎక్కువ పేర్లు అడిగిస్తుంది, అప్పుడప్పుడు మాత్రమే జరిగే లీక్ కూడా అందులో దొరుకుతుంది.

జాబితాలో మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు ఒక్క వరుసలో ఉన్నా లీకే. పది వరుసల్లో తొమ్మిది బాగున్నాయి కదా అని వదిలేయకండి. వీపీఎన్ కంపెనీ పేరు గానీ, అది సర్వర్లు అద్దెకు తీసుకున్న డేటా సెంటర్ పేరు గానీ ఉంటే మంచిదే. ఎక్కువమంది తికమక పడేది గూగుల్ లేదా క్లౌడ్‌ఫ్లేర్ పేరు వచ్చినప్పుడు. అది ప్రతిసారీ లీక్ కాదు. మీరో మీ బ్రౌజరో 8.8.8.8 లేదా 1.1.1.1 వాడమని చెప్పి ఉంటే, ఆ ప్రశ్న టన్నెల్లోంచే వెళ్లి, వీపీఎన్ సర్వర్ దగ్గర బయటపడి, గూగుల్‌ని చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ సర్వర్ ఏ ఊళ్లో ఉన్నట్టు చూపిస్తోందో చూడండి. మీ వీపీఎన్ జర్మనీలో ఉండగా గూగుల్ డీఎన్‌ఎస్ ముంబైలో ఉన్నట్టు వస్తే అనుమానించాల్సిందే. ఫ్రాంక్‌ఫర్ట్ అని వస్తే టన్నెల్లోంచే వెళ్లినట్టు.

సరిచేసేటప్పుడు ఒక్కో మార్పు చేసి, ప్రతి మార్పు తర్వాతా పరీక్షించండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు వీపీఎన్ యాప్ సెట్టింగ్స్ చూడండి. కస్టమ్ డీఎన్‌ఎస్ అని ఉండి, అందులో ఎప్పుడో పెట్టిన అంకెలు ఉంటే తీసేయండి. డీఎన్‌ఎస్ లీక్ ప్రొటెక్షన్ అనే మీట ఉంటే ఆన్ చేయండి. తర్వాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నెట్ స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెబితే చేత్తో పెట్టిన డీఎన్‌ఎస్ అంకెలు ఉన్నాయేమో చూసి, ఆటోమేటిక్‌కి మార్చండి. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని వేరే ఉంటుంది. ప్రకటనలు రాకుండా అందులో ఏదైనా పేరు రాసి ఉంచితే, పరీక్ష అయ్యేవరకు దాన్ని కూడా ఆటోమేటిక్‌లో పెట్టండి. బ్రౌజర్ల దగ్గరా ఇదే కథ. క్రోమ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద యూజ్ సెక్యూర్ డీఎన్‌ఎస్ ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లోనూ అలాంటిదే ఉంది. ఒక బ్రౌజర్‌లో బాగుండి ఇంకోదాంట్లో తేడా వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

విండోస్ వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. విండోస్ 8 నుంచి అది జవాబు త్వరగా రావాలని, ఒకే ప్రశ్నని ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్లన్నిటికీ పంపే అలవాటు నేర్చుకుంది. అంటే వీపీఎన్‌కీ, మీ వైఫైకీ, రెండిటికీ. మంచి వీపీఎన్ యాప్‌లు దీన్ని ఫైర్‌వాల్ ద్వారా అడ్డుకుంటాయి. యాప్ లేకుండా నేరుగా ఓపెన్‌వీపీఎన్ (ఒక వీపీఎన్ పద్ధతి) ఫైల్ వాడేవాళ్లయితే ఆ ఫైల్లో బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్‌ఎస్ అనే వరుస ఉందో లేదో చూసుకోండి. విండోస్ ప్రో ఉంటే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, డీఎన్‌ఎస్ క్లయింట్ దాకా వెళ్లి, టర్న్ ఆఫ్ స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్‌ని ఎనేబుల్ చేయండి. పేరు తిరకాసుగా ఉంటుంది. ఎనేబుల్ చేస్తేనే ఆ అలవాటు ఆగుతుంది.

ఐపీవీ6: మన దేశంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది

వీపీఎన్ గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావాటిలో ఐపీవీ6 ఒక చిన్న మాటగా వచ్చి పోతుంది. మనకు అది చిన్న మాట కాదు. ప్రపంచంలో ఐపీవీ6 వాడకం బాగా ఎక్కువున్న దేశాల్లో ఇండియా ఒకటి. 2016లో మొదలైన జియో తన నెట్‌వర్క్‌ని మొదటి నుంచీ ఐపీవీ6 మీదే కట్టుకుంది. మీ చేతిలోని ఫోన్ గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో వెళ్లేటప్పుడు, చాలామటుకు ఐపీవీ6 దారిలోనే వెళ్తుంది.

పాత పద్ధతిలో కట్టిన వీపీఎన్ ఐపీవీ4 ట్రాఫిక్‌ని మాత్రమే టన్నెల్లోకి తీసుకుంటుంది. ఐపీవీ6ని పట్టించుకోదు. అప్పుడు రెండు దారులూ ఉన్న సైట్ తెరిస్తే, ఫోన్ ఐపీవీ6 దారిలో, వీపీఎన్ పక్కనుంచి, మీ అసలు అడ్రస్‌తో నేరుగా వెళ్లిపోతుంది. టెస్ట్ పేజీ పైన సింగపూర్ అని ఐపీవీ4 చూపించి, దాని కిందే జియో హైదరాబాద్ అని ఐపీవీ6 చూపిస్తే జరిగింది ఇదే. జియో అయితే ఆ అడ్రస్ తరచు 2409తోనూ, ఎయిర్‌టెల్ సిమ్ అయితే 2401:4900తోనూ మొదలవుతుంది. కాబట్టి చూడగానే గుర్తుపట్టొచ్చు.

ఐపీవీ6 లీక్‌లో ఇంకో నష్టం ఉంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒక ఐపీవీ4 అడ్రస్ వెనక చాలామంది వాడకందార్లు ఉంటారు. ఐపీవీ6 అడ్రస్ మాత్రం ఆ సమయానికి మీ ఒక్క కనెక్షన్‌కే చెందుతుంది. బయటపడితే గుంపులో కలిసిపోయే అవకాశం కూడా ఉండదు.

దీనికి అసలైన మందు ఐపీవీ6ని సరిగ్గా పట్టించుకునే వీపీఎన్. అది రెండు రకాలుగా ఉంటుంది. ఐపీవీ6ని కూడా టన్నెల్లోంచి తీసుకెళ్లేది ఒకటి, వీపీఎన్ నడుస్తున్నంతసేపూ ఐపీవీ6ని మొత్తం ఆపేసేది ఇంకోటి. రెండూ సరైనవే. టెస్ట్ పేజీలో ఐపీవీ6 గడిలో సర్వర్ అడ్రస్ ఉన్నా ఫర్వాలేదు, ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. మీది మాత్రం ఉండకూడదు.

సొంతంగా సర్వర్ పెట్టుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి వాడేవాళ్లు ఒక వరుస తప్పకుండా చూడాలి. కాన్ఫిగరేషన్ ఫైల్లో అలౌడ్ ఐపీస్ అనే చోట 0.0.0.0/0 ఒక్కటే ఉంటే ఐపీవీ4 మాత్రమే టన్నెల్లోకి వెళ్తుంది. దాని పక్కన కామా పెట్టి ::/0 కూడా ఉండాలి. ఆ మూడు నాలుగు అక్షరాలు లేకపోవడం వల్లే ఎంతో శ్రద్ధగా కట్టుకున్న సర్వర్లు కూడా లీకవుతుంటాయి. ఫైల్లో డీఎన్‌ఎస్ అనే వరుస ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి.

యాప్ మార్చే వీలు లేకపోతే, చివరి మార్గంగా ఐపీవీ6నే ఆపొచ్చు. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 6 పక్కనున్న టిక్ తీసేయాలి. మ్యాక్‌లో వైఫై డీటెయిల్స్, టీసీపీ/ఐపీ కింద కాన్ఫిగర్ ఐపీవీ6ని లింక్-లోకల్ ఓన్లీకి మార్చాలి. ఫోన్ సిమ్ విషయంలో కొన్ని మోడళ్లలో యాక్సెస్ పాయింట్ నేమ్స్‌లో ఏపీఎన్ ప్రోటోకాల్‌ని ఐపీవీ4కి మార్చనిస్తారు, కొన్నింటిలో మార్చనివ్వరు. మార్చాక నెట్ ఆగిపోతే వెంటనే పాతదానికి తెచ్చేయండి. సిమ్ డేటా మీద ఎక్కువ ఆధారపడేవాళ్లు ఈ తిప్పలన్నీ పడేకంటే యాప్ మార్చుకోవడమే మంచిదని నా సలహా.

వెబ్‌ఆర్‌టీసీ

బ్రౌజర్‌లో వీడియో కాల్స్ నడిపించే ఏర్పాటు ఇది. అవతలి మనిషితో నేరుగా కలపడానికి మీ కంప్యూటర్‌కి ఉన్న అడ్రస్‌లన్నీ బ్రౌజర్ వెతుకుతుంది. 2015 జనవరిలో ఒక ప్రోగ్రామర్ ఈ దారిలో వీపీఎన్ వెనకున్న అసలు ఐపీని ఏ సైటైనా లాగొచ్చని చేసి చూపించాక గొడవ మొదలైంది. ఆ తర్వాత బ్రౌజర్లు చాలా బిగించాయి. అయినా టెస్ట్ పేజీలో ఆ భాగం చూడండి. 192.168తోనో 10తోనో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది మీ ఇంటి రౌటర్ లోపలి నంబర్. కాగితం మీద మీరు రాసుకున్న అడ్రస్ కనిపిస్తేనే లీక్.

బ్రేవ్‌లో సెట్టింగ్స్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఐపీ హ్యాండ్లింగ్ పాలసీని డిసేబుల్ నాన్-ప్రాక్సీడ్ యూడీపీకి మార్చండి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ కాన్ఫిగ్ పేజీ తెరిచి, పీర్‌కనెక్షన్ అని వెతికి, మీడియా డాట్ పీర్‌కనెక్షన్ డాట్ ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేస్తే వెబ్‌ఆర్‌టీసీ మొత్తం ఆగిపోతుంది. దాంతోపాటు ఆ బ్రౌజర్‌లో గూగుల్ మీట్ లాంటివి కూడా పనిచేయవు. మీటింగులకు ఒక బ్రౌజర్, గోప్యంగా చూసుకునేవాటికి ఇంకోటి పెట్టుకోండి. క్రోమ్‌లో దీనికి సొంత మీట లేదు, గూగుల్ వాళ్లదే వెబ్‌ఆర్‌టీసీ నెట్‌వర్క్ లిమిటర్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది.

కనెక్షన్ తెగిన ఆ రెండు మూడు సెకన్లు

ఇంతవరకు చేసిన పరీక్షలన్నీ నెట్ నిలకడగా ఉన్నప్పటివి. అసలు లీకులు ఎక్కువ జరిగేది మారే క్షణాల్లో. ఇంటి వైఫై వదిలి బయటికి రాగానే ఫోన్ సిమ్ డేటాకి మారుతుంది. రైల్లో సిగ్నల్ పోయి వస్తుంది. ల్యాప్‌టాప్ మూసి తెరుస్తారు. వీపీఎన్ మళ్లీ కలుసుకునేలోపు వెనక నడుస్తున్న మెయిల్, వాట్సాప్, బ్రౌజర్ ట్యాబులు అసలు ఐపీతో ఒకసారి బయటికి వెళ్లి వచ్చేస్తాయి. స్క్రీన్ మీద ఏమీ తెలియదు.

దీన్ని ఆపేదే కిల్ స్విచ్. వీపీఎన్ తెగితే నెట్ కూడా తెగాలన్నదే దాని పని. యాప్‌లో ఆన్ చేయడంతో సరిపెట్టుకోకుండా పనిచేస్తోందో లేదో మీరే తెంపి చూడండి. కంప్యూటర్‌లో ఒక పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టండి. టాస్క్ మేనేజర్ తెరిచి వీపీఎన్ ప్రోగ్రామ్‌ని ఎండ్ టాస్క్ చేయండి. డౌన్‌లోడ్ ఆగిపోయి, టెస్ట్ పేజీ తెరుచుకోకపోతే కిల్ స్విచ్ నిజంగా ఉంది. పేజీ తెరుచుకుని మీ అసలు ఐపీ చూపిస్తే, ఆ మీట పేరుకే ఉంది. వైఫై ఆపి మళ్లీ పెట్టి, సిమ్ డేటాకి మార్చి, స్లీప్‌లో పెట్టి లేపి, మూడు రకాలుగానూ చూడండి. మారిన వెంటనే టెస్ట్ పేజీని వరసగా రీలోడ్ చేస్తూ ఉండాలి. నిమిషం ఆగి చూస్తే అప్పటికే వీపీఎన్ కలిసిపోయి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో యాప్ కిల్ స్విచ్ కంటే ఫోన్‌లోనే ఉన్నది బలమైనది. సెట్టింగ్స్‌లో వీపీఎన్ దగ్గరికి వెళ్లి (శామ్‌సంగ్‌లో అయితే కనెక్షన్స్, మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ కింద) మీ యాప్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. ఆల్వేస్ ఆన్ వీపీఎన్, దాని కింద బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్, రెండూ ఆన్ చేయండి. ఇది కూడా నూటికి నూరు పాళ్లు కాదు. ఇవి ఆన్‌లో ఉన్నా, ఇంటర్నెట్ ఉందా లేదా అని ఆండ్రాయిడ్ చేసుకునే చిన్న చిన్న చెకింగులు టన్నెల్ బయటినుంచే వెళ్తున్నాయని ముల్‌వాడ్ అనే వీపీఎన్ కంపెనీ 2022 అక్టోబర్‌లో బయటపెట్టింది. మామూలు వాడకందారుకి అది పెద్ద ముప్పు కాదు. ప్రాణం మీదికి వచ్చే పని చేసేవాళ్లు మాత్రం తెలుసుకుని ఉండాలి.

ఐఫోన్‌లో సమస్య వేరు. వీపీఎన్ ఆన్ చేసేనాటికే తెరిచి ఉన్న కనెక్షన్లను ఐఓఎస్ మూసేయదు, అవి టన్నెల్ బయటే కొనసాగొచ్చని 2020లో ప్రోటాన్ వీపీఎన్ వెల్లడించింది. అప్పుడు వాళ్లే చెప్పిన ఉపాయం: వీపీఎన్ కలిపాక ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేయాలి. పాత కనెక్షన్లు తెగి, టన్నెల్లోంచి కొత్తగా మొదలవుతాయి. పూర్తి గ్యారంటీ లేదని వాళ్లే అన్నారు గానీ, అలవాటు చేసుకోవడం మంచిదే.

టెస్ట్ పేజీకి దొరకనివి

మొదటిది హాట్‌స్పాట్. ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేసి, ఆ ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ కలుపుకుంటారు. ఫోన్ రక్షణ ల్యాప్‌టాప్‌కి కూడా వస్తుందనుకుంటారు. రాదు. మామూలు ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ ట్రాఫిక్ వీపీఎన్‌ని తప్పించుకుని నేరుగా సిమ్ మీదినుంచే వెళ్తుంది, ఐఫోన్‌లోనూ అంతే. ల్యాప్‌టాప్‌లో విడిగా వీపీఎన్ పెట్టుకోవాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక పల్లెల్లో సగం పని హాట్‌స్పాట్ మీదే నడుస్తోంది కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

రెండోది స్ప్లిట్ టన్నెలింగ్. మన బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు కొన్ని వీపీఎన్ ఉంటే తెరుచుకోవు. అందుకని వాటిని వీపీఎన్ నుంచి మినహాయిస్తాం. తర్వాత ఎప్పుడో ఒకసారి బ్రౌజర్‌ని కూడా ఆ జాబితాలో చేర్చి మర్చిపోతాం. జాబితా తెరిచి చూసుకోండి. ఈ సదుపాయంలో యాప్ తప్పులు కూడా జరుగుతుంటాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ విండోస్ యాప్‌లో స్ప్లిట్ టన్నెలింగ్ వాడేవాళ్లలో కొందరి డీఎన్‌ఎస్ ప్రశ్నలు బయటికి పోతున్నాయని తేలి, 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఆ సదుపాయాన్ని కొంతకాలం తీసేసింది. ఇంకో సంగతి: ఆండ్రాయిడ్‌లో బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్ ఆన్‌లో ఉంటే మినహాయించిన యాప్‌లకు నెట్టే రాదు. బ్యాంకు పని ఉన్నప్పుడు ఆ మీట ఆపి, పని కాగానే తిరిగి పెట్టుకోండి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ రూపంలో ఉన్న వీపీఎన్ ఆ బ్రౌజర్‌కి మాత్రమే. పక్కనున్న మెయిల్ ప్రోగ్రామ్‌కి, అప్‌డేట్లకు, ఇంకో బ్రౌజర్‌కి వర్తించదు. టొరెంట్లు వాడేవాళ్లు క్యూబిట్‌టొరెంట్‌లో ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ కింద నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ దగ్గర వీపీఎన్ అడాప్టర్‌నే ఎంచుకోవాలి. వీపీఎన్ పోతే టొరెంట్ కూడా ఆగుతుంది. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటే అది అసలు కంప్యూటర్ వీపీఎన్‌ని పట్టించుకోకుండా రౌటర్‌తో నేరుగా మాట్లాడుతుంది, న్యాట్ మోడ్‌కి మార్చి మళ్లీ పరీక్షించండి.

లాడ్జిలు, కాఫీ షాపులు, విమానాశ్రయాల వైఫై గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 మేలో లెవయథన్ సెక్యూరిటీ పరిశోధకులు టన్నెల్‌విజన్ అనే దాడి వివరాలు ప్రకటించారు. మీరు వైఫైలో చేరగానే మీకు అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది కదా, అది ఆప్షన్ 121 అనే సదుపాయంతో ఈ దారిన వెళ్లు అని మీ కంప్యూటర్‌కి చెప్పగలదు. వైఫై నడిపేవాడి చేతిలో అది ఉంటే, మీ ట్రాఫిక్‌ని టన్నెల్లోకి పోనివ్వకుండా తనవైపు తిప్పుకోగలడు. వీపీఎన్ కనెక్టెడ్ అనే చూపిస్తూ ఉంటుంది. కిల్ స్విచ్ కూడా కదలదు, ఎందుకంటే కనెక్షన్ తెగలేదు. ఆండ్రాయిడ్‌లో ఆప్షన్ 121 లేదు కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఈ దాడి తగలదు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లేవాళ్లు ముఖ్యమైన పని బయటి వైఫై మీద చేయకుండా, సొంత ఫోన్ హాట్‌స్పాట్ మీద, ల్యాప్‌టాప్‌లో విడిగా వీపీఎన్ పెట్టుకుని చేసుకోవడం ఉత్తమం.

ఐపీ దాగినా మీరు ఎక్కడున్నారో చెప్పేవి

బ్రౌజర్‌కి లొకేషన్ పర్మిషన్ ఇచ్చి ఉంటే అది ఐపీని చూడదు. చుట్టుపక్కల వైఫైలని, జీపీఎస్‌ని చూసి మీరున్న వీధి చెప్పేస్తుంది. సైట్ సెట్టింగ్స్‌లో లొకేషన్‌ని బ్లాక్ చేయండి, ఫోన్‌లో ఏ యాప్‌లకు లొకేషన్ ఇచ్చారో చూసి అక్కర్లేనివి తీసేయండి. ఐపీ సింగపూర్‌ది, కంప్యూటర్ గడియారం ఇండియా టైమ్‌జోన్‌ది, బ్రౌజర్ భాష తెలుగు అయితే, చూసేవాడికి ఆంధ్రా, తెలంగాణ అని ఊహించడం పెద్ద కష్టం కాదు. మీ జీమెయిల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో లాగిన్ అయి ఉంటే, ఈ పరీక్షలన్నీ పాసైనా వాళ్లకు మీరెవరో తెలుసు. గోప్యంగా ఉండాల్సిన పనికి లాగిన్ లేని వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకోండి.

సర్వర్ ఎంచుకునేటప్పుడు చట్టం కూడా చూడాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల పేర్లు, చిరునామాలు, వాళ్లకిచ్చిన ఐపీలు, ఎందుకు వాడుతున్నారన్న వివరం ఐదేళ్లపాటు ఉంచాలి. అది ఇష్టంలేక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇండియాలోని తమ సర్వర్లను తీసేశాయి. అందుకే కొన్ని యాప్‌లలో ఇండియా అని చూపించే సర్వర్ నిజానికి సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉంటుంది. ఇండియాలోనే ఉండి రికార్డు ఉంచే సర్వర్ మీద మీ పేరు ఆ రికార్డులోకి వెళ్తుంది. అది ఏ లీక్ టెస్ట్‌కీ దొరకదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో నేరం చేయడానికో, నేరం బయటపడకుండా చేయడానికో వీపీఎన్‌తో ఐపీ దాచితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది.

పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయాలంటే: వీపీఎన్ యాప్ అప్‌డేట్ అయినప్పుడు, ఫోన్ లేదా విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, సిమ్ గానీ ఇంటి నెట్ గానీ మార్చినప్పుడు, ముఖ్యమైన పనికి కూర్చునే ముందు. కాగితం మీది అడ్రస్‌లు కూడా మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ వీపీఎన్ ఆపి కొత్తగా రాసుకున్నాకే పోల్చండి.

ఇన్ని చేసినా లీక్ ఆగకపోతే వీపీఎన్ కంపెనీ సపోర్ట్‌కి రాయండి. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏ నెట్‌వర్క్, ఏ సర్వర్, ఏ టెస్ట్ పేజీ అన్నవి చెప్పి, వీపీఎన్ ఆపినప్పటి స్క్రీన్‌షాట్, పెట్టినప్పటి స్క్రీన్‌షాట్ రెండూ జతచేయండి. సరైన జవాబు రాకపోతే డబ్బు వాపసు గడువు దాటకముందే కాన్సిల్ చేసుకోండి. సాయం కోసం అవే స్క్రీన్‌షాట్లను వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సి వస్తే, ముందు వాటిలో మీ ఐపీవీ4, ఐపీవీ6 అడ్రస్‌లున్న చోట నల్ల గీత గీసేయండి.